నడుముకొచ్చిన చుట్టం

మా గూడెంలో దేముడమ్మ చేతుల్లో పడకుండా పుట్టినవాళ్లు చాలా కొద్దిమంది. ఆమెకంటే పెద్దవాళ్లు నలుగురైదుగురు, పై ఊళ్లనుంచి కోడళ్లుగా వచ్చినవాళ్లు, నేను, నా భార్య లిదియా. మిగతా అందరినీ, వాళ్లు పుట్టిననాటి ముఖాలతోనే ఆమె ఎరుగును. అందుకే పంచాయితీలో ఎవరైనా మరీ గొంతు పెంచితే, అటుగా పోతున్న దేముడమ్మ ఆగి, "ఒరే, నువ్వు పుట్టినప్పుడు ఏడవడానికి ఎంతసేపు పట్టినాదో సెప్పమంటావేటి?" అంటుంది. గొంతు దానంతటదే దిగిపోతుంది.

అరకు లోయకు పైన, రెండు కొండల నడుమ ముప్పై గడపల గూడెం అది. దేముడమ్మ పక్క కొండ మీది కొండదొర తెగ ఆడపిల్ల. సుక్రును చేసుకుని ఇక్కడికి వచ్చింది. అత్తగారు ఆ చుట్టుపక్కలకంతా మంత్రసాని. పదేళ్లపాటు అత్త వెనకాల వేడినీళ్ల కుండ మోస్తూ తిరిగి బిడ్డను పట్టడం నేర్చుకుంది. నొప్పిని పట్టడం మాత్రం ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఆరుగురు బిడ్డల్ని కడుపులో మోస్తూ కొండవాలు మీద సామలు, సోళ్లు పండించిన మనిషి. వంగి కలుపు తీస్తే నడుం ఎక్కడ పట్టేస్తుందో, ఏ పక్కకు ఒరిగితే వదులుతుందో, ఏ బరువు నెత్తిన పెట్టుకోవచ్చో, ఏది చంకన పెట్టుకోకూడదో, అన్నీ తన ఒంటి మీదే చూసుకుంది.

నొప్పిని ఆమె నొప్పి అనదు. చుట్టం అంటుంది. కడుపుతో ఉన్న పిల్ల ఎదురైతే చాలు, "సుట్టం ఒచ్చినాడా? ఎక్కడ కూకున్నాడు?" అని అడుగుతుంది. నడుములో అని ఒకతె, తొడలో అని ఒకతె, పక్కటెముకల కింద అని ఇంకొకతె నవ్వుతూ చెప్పేవాళ్లు. వాళ్లెందుకు నవ్వేవాళ్లో మొదట్లో నాకు తెలియలేదు. మూలిగే విషయాన్ని నవ్వే విషయంగా మార్చడం కూడా ఆమె వైద్యంలో భాగమేనని తెలియడానికి నేను చాలా నవ్వులపాలు కావలసివచ్చింది.

ఇప్పుడు వేయి తొమ్మిదివందల ఇరవై తొమ్మిది. నేను చెప్పేది మూడేళ్ల కిందటి సంగతి. అప్పటికి నేను మిషను బడికి మేష్టరుగా ఈ గూడెం వచ్చి రెండేళ్లయింది. పెళ్లయి ఏడాదయింది. పెళ్లినాటికి నా వయసు ముప్పై తొమ్మిది. అంతవరకు మగపిల్లల బోర్డింగులో పెరిగి, మగపిల్లల బోర్డింగులోనే పాఠం చెప్పుకున్నవాణ్ణి. విభక్తులూ సంధులూ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆడవాళ్ల సంగతులు నన్ను ఎవరూ అడగలేదు, నేను నేర్చుకోనూ లేదు.

కార్తీకంలో, వలిసె చేలు పచ్చగా పూసి ఉన్న రోజుల్లో, లిదియాకు ఏడో నెల వచ్చింది. నడుంనొప్పి మొదలైంది. ఆమె నోరు తెరిచి చెప్పే మనిషి కాదు. ఒకరోజు పొయ్యి దగ్గర కూర్చుని, కూర దింపి, అన్నం వార్చి, ఇంకా అక్కడే కూర్చుని ఉంది.

"లేవవేం?" అన్నాను.

"లేస్తానండీ. లేవడానికి కాస్త ఆలోచించుకుంటున్నాను" అంది.

అడగ్గా అడగ్గా నడుములో ఒక నొప్పి, కుడి తొడలోకి దిగుతూ ఇంకో నొప్పి అని చెప్పింది. కొండ దిగువ మిషను ఆసుపత్రిలో నల్లసీసా తైలం ఒకటి ఉంటుంది, నాకు తెలుసు. ఆ పూటే సుక్రు పసుపు కావిడితో సంతకు పోతున్నాడు. అక్కడ తపాలా మనిషి చేతికిస్తే ఉత్తరం దిగువకు చేరుతుంది. సుక్రు వాకిట్లో నిలబడి, "బేగి రాయండి బాబూ, పొద్దెక్కిపోతంది" అని తొందర పెట్టాడు. నేను రాసిన ఉత్తరం ఇదీ:

"అయ్యా, నా భార్యకు నొప్పులు ప్రారంభమైనవి. దయచేసి తైలము పంపవలెను. విధేయుడు, యెహోషువ."

నడుములో ఒకటి, తొడలో ఒకటి. ఒకటికి మించితే బహువచనం. ఆ వారమే మొదలయ్యాయి గనుక ప్రారంభమైనవి. ఇందులో తప్పేమిటి? గర్భిణీ స్త్రీ విషయంలో ఆ మాటకు తెలుగుదేశమంతటా ఒకటే అర్థమని ఏ వ్యాకరణంలోనూ నేను చదవలేదు. తైలం వచ్చాక లిదియాను ఆశ్చర్యపరుద్దామనుకుని ఉత్తరం ఆమెకు చూపించలేదు కూడా.

సంతనుంచి తిరిగివచ్చి సుక్రు ఇంట్లో ఏమన్నాడో గాని, మర్నాడు పొద్దున దేముడమ్మ మా గుమ్మంలో ఉంది. లోపలికి వచ్చి లిదియా వైపైనా చూడలేదు. ఇల్లంతా కలయదిరిగింది. నులకమంచం మీద కూర్చుని, రెండుసార్లు ఊగి లేచింది. నీళ్ల కుండలు చూసింది. తిరగలి చూసింది. పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, కట్టెల వైపు చెయ్యి చాచి చూసింది.

"దేముడమ్మా, మనిషిని చూడవా?" అన్నాను.

"మనిషి ఎక్కడికెల్తాది? ముందు ఇల్లు సూడనీ బాబూ. ఈ నీల్ల కుండ నేల మీద ఎవులు పెట్టినారు?"

"ఎప్పుడూ అక్కడే ఉంటుంది."

"నువ్వు నీల్లు తాగినప్పుడు వంగి ముంచుకుంటావేటి?"

"లేదు, లిదియా ముంచి ఇస్తుంది."

"కట్టెలు?"

"లిదియా..."

"గెడ్డనుంచి నీల్లు?"

గెడ్డ, అంటే కొండవాగు, ఇంటికి ఎంత దూరమో నేను అప్పుడే మొదటిసారి లెక్కవేశాను. దేముడమ్మ లిదియా వైపు తిరిగి మొదటిసారి నవ్వింది. "ఓలమ్మో! గుంటా, సుట్టం నీకోసం రాలేదే. ఈ ఇల్లు నచ్చి ఒచ్చినాడు. ఇక్కడ ఆడికి శానా సుకంగా ఉన్నాది."

లిదియా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వడం అదే.

తర్వాత నన్ను బయటికి పొమ్మంది. తలుపు సందులోంచి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. నెత్తురు కనబడిందా, కళ్లు బైర్లు కమ్ముతున్నాయా, ముఖం చేతులు ఉబ్బుతున్నాయా, బిడ్డ కదులుతోందా, నొప్పి ఆగి ఆగి వచ్చి పొట్ట రాయిలా బిగుస్తోందా. ఇవి అడుగుతున్నప్పుడు ఆమె గొంతులో వేళాకోళం లేదు. లిదియా చెప్పిన జవాబులు విని, "అయితే బయం నేదు. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా నాకు కబురెట్టాల, ఏ పొద్దయినా" అంది.

అప్పటినుంచి మా ఇల్లు మారిపోయింది. నులకమంచం పెరట్లోకి పోయింది. చెక్కబల్ల మీద గడ్డి పరిచి, పైన బొంత వేసింది. ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య మడిచిన గోనె పెట్టుకుని పడుకోమంది. నీళ్ల కుండలు నడుమెత్తు గట్టు మీదికి ఎక్కాయి. పొయ్యిని సుక్రు మట్టితో రెండు జానలు ఎత్తు చేశాడు. సాయంత్రం తవుడు వేయించి, గుడ్డలో మూటకట్టి, తన మోచేతి మీద పెట్టి చూసుకుని, ఆ వెచ్చనైన మూట లిదియా నడుముకు ఆనించేది. పొట్టకు మాత్రం ఎప్పుడూ ఆనించనిచ్చేది కాదు. వలిసెనూనె గోరువెచ్చగా కాచి తొడలకు పైనుంచి కిందికి రాసేది. పొద్దున సోడంబలి, అదే రాగి అంబలి, మధ్యాహ్నం ఆకుకూర. పూటకోసారి గెడ్డ వరకు నడిచి, ఒట్టి చేతులతో తిరిగి రావాలి.

"మీ అమ్మ ఉన్నాదా?" అని ఒకరోజు అడిగింది.

"లేదు" అంది లిదియా.

"మరి పగలంతా ఎవులితో మాటాడతావు?"

"ఈయనతో."

దేముడమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "అదీ సంగతి. సగం నొప్పి ఇక్కడే ఉన్నాది" అని, మర్నాటినుంచి మధ్యాహ్నం పూట మా అరుగు మీదికి అడ్డాకులు కుట్టే ఆడవాళ్లను తోలుకొచ్చింది. వాళ్లు విస్తళ్లు కుడుతూ, సగం ఒడియా సగం తెలుగులో లోకంలో ఉన్న మొగుళ్లందరి గుట్లూ విప్పేవాళ్లు. బడిలో నేను ఎక్కాలు చెప్పిస్తుంటే, అరుగు మీద లిదియా పకపకలు వినిపించేవి.

గెడ్డనుంచి నీళ్లు మోసే పని నాకు వచ్చింది. మొదటి రోజు కావిడి వేసుకుని వెళితే అక్కడున్న ఆడవాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఆ మర్యాదకు పొంగిపోయాను. వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాక ఒకామె, "మేష్టరుకి ఎన్నో నెలే?" అంది. ఆ నవ్వు కొండకు తగిలి మళ్లీ నాకే వినిపించింది. కాని పది రోజులకల్లా లిదియా రాత్రి నిద్రపోతోంది. పొయ్యి దగ్గరినుంచి ఆలోచించుకోకుండానే లేస్తోంది. నొప్పి పూర్తిగా పోయిందని కాదు. "సుట్టం ఉన్నాడా?" అంటే, "ఉన్నాడు గాని, అరుగు మీదికి దిగాడు" అని చెప్పేది.

పన్నెండో రోజు మధ్యాహ్నం దేముడమ్మ పొట్టకట్టు కట్టడం నేర్పడానికి వచ్చింది. పాత చీర మెత్తగా మడిచి, పొట్ట కిందుగా వేసి, నడుము వెనక ముడి వేస్తే బరువు నడుము మీద పడదట. బిగించకూడదు, ఎత్తి పట్టినట్టు ఉండాలి. వెనక ముడి లిదియాకు అందదు గనుక నేను నేర్చుకోవాలి. ఎలా ఉంటుందో లిదియా చూడాలి. అందుచేత కట్టు నాకు కట్టింది. నాది పలుచటి పొట్ట. గుడ్డ నిలవలేదు. దేముడమ్మ ఇటూ అటూ చూసి, అటక మీది గుమ్మడికాయ తీసి, నా పంచె మడతలో పెట్టి, దాని కిందినుంచి కట్టింది.

"ఇప్పుడు నడు బాబూ. నడుం మీద బరువున్నాదా?"

నేను గుమ్మడికాయను రెండు చేతులా పట్టుకుని గదిలో రెండడుగులు వేశాను. నిజంగానే తేలికగా ఉంది. "లేదే!" అన్నాను ఆశ్చర్యంగా.

"వందనాలండీ" అని గుమ్మంలోంచి ఒక గొంతు వినిపించింది.

తెల్లచీర, నల్ల గొడుగు, చేతిలో తోలుసంచి. మిషను ఆసుపత్రి నర్సు దేవమణమ్మగారు. వెనక నలుగురు బోయీలు, ఒక డోలీ. ఆమె లిదియా పొట్టను చూసి, నా పొట్టను చూసి, మళ్లీ లిదియా పొట్టను చూసింది.

"నొప్పులు ప్రారంభమైనవి అన్నారు. ఎవరికి?" అంది.

ఆ తర్వాత ఉత్తరం సంగతి తేలింది. దిగువన అది చదివి అందరూ హడలిపోయారట. ఏడో నెలలో నొప్పులు, పైగా తైలం పంపమంటున్నాడు, మతి పోయినట్టుంది అని మిషను దొరగారు వెంటనే డోలీ కట్టించారట. దేవమణమ్మగారు సంచిలోంచి తీసి ఇచ్చిన నా ఉత్తరం చదివి లిదియా గోడవైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందని దగ్గరికి వెళ్లాను. ఏడుపు కాదు.

కాని దేవమణమ్మగారు నవ్వలేదు. మూడు రోజులు డోలీలో ఘాటు ఎక్కి వచ్చిన మనిషి. "పొరపాటైతే సంతోషం. అయినా ఆమెను తీసుకురమ్మని దొరగారి ఉత్తరువు. ఇక్కడ డాక్టరు లేడు, కొండజ్వరాలు. రేపు పొద్దున బయలుదేరదాం" అంది.

లిదియా నవ్వు ఆగిపోయింది. పెళ్లయి కొండ ఎక్కినప్పుడు ఆమె డోలీలోనే వచ్చింది. ముడుచుకుని కూర్చుని, ఊగి ఊగి, దారి పొడుగునా వాంతులు. ఇప్పుడు ఏడు నెలల పొట్టతో, ఇప్పుడిప్పుడే సద్దుమణిగిన నడుముతో మూడు రోజులు. ఆ తర్వాత మూడు నెలలు ఎరిగున్నవాళ్లు లేని ఆసుపత్రి వరండా.

"నేను వెళ్లను. ఇక్కడే కంటాను" అంది నాతో మెల్లగా.

నేనేమో మిషను ఉద్యోగిని. దొరగారి మాట కాదంటే బడి ఉంటుందో ఉండదో. "వెళితే మంచిదేమో" అన్నాను. ఆమె నా నడుముకు ఇంకా ఉన్న కట్టు ముడి విప్పి, గుమ్మడికాయ తీసి అటక మీద పెట్టింది. నాకు అంతకంటే సిగ్గు వేసిన సందర్భం ఇంకొకటి లేదు.

దేముడమ్మకు ఈ గొడవ పట్టలేదు. నర్సమ్మగారు గొడుగు ఊతంగా పెట్టుకుని, ఒక పక్కకు ఒరిగి నిలబడటమే చూస్తోంది. చివరికి, "నీకాడికి కూడా సుట్టం ఒచ్చినాడేటమ్మా?" అంది.

"చుట్టమా? నాకెవరూ చుట్టాలు రాలేదు" అంది దేవమణమ్మగారు.

పొద్దున్నే బోయీలు డోలీ వాకిట్లోకి తెచ్చారు. లిదియా బట్టల మూట గుమ్మంలో ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి గాని, వెళ్లనని మళ్లీ అనలేదు. దేవమణమ్మగారు మాత్రం గదిలోంచి రాలేదు. ఎంతకీ రాకపోతే లిదియా వెళ్లి చూసింది. ఆమె చాప మీద పక్కకు తిరిగి, కదలకుండా ఉంది.

"లేవలేకపోతున్నానమ్మా. ఆ బోయీలకు చెప్పకు, నవ్వుతారు" అంది.

దేముడమ్మ తవుడు మూటతో వచ్చింది. మోచేతి మీద పెట్టి చూసుకుంది. నర్సమ్మగారు మొదట మొహమాటపడింది, ఆ తర్వాత కళ్లు మూసుకుంది. పొద్దు నెత్తికెక్కే వేళకు లేచి కూర్చుంది. మధ్యాహ్నం అంబలి తాగి, దేముడమ్మ భుజం పట్టుకుని గెడ్డ దాకా నడిచింది. దారిలో నర్సుకూ మంత్రసానికీ ఏం మాటలు జరిగాయో నాకు తెలియదు. తిరిగివచ్చి, లిదియాను లోపల కూర్చోబెట్టి పరీక్ష చేసింది. మళ్లీ నేను బయటే. మళ్లీ తలుపు సందు. నెత్తురు, కళ్లు, ముఖం వాపు, బిడ్డ కదలిక, పొట్ట బిగువు. అవే ప్రశ్నలు, దాదాపు అదే వరస. మూడో ప్రశ్నకు దేముడమ్మ ముందుగా, "ఉబ్బు నేదమ్మా, నాను రోజూ సూత్తన్నాను" అని చెప్పేసింది.

లోపల తోలుసంచి మూసిన చప్పుడయింది.

"ఎన్ని కాన్పులు చేశావు?" అంది నర్సమ్మగారు.

"ఈ గూడెం ఉన్నాది కదా, దీన్నే అడుగు" అంది దేముడమ్మ. తర్వాత గొంతు తగ్గించి, "ముగ్గురు తల్లులు నా సేతుల్లో పోనారు. నెత్తురు ఆగలేదు. ఆ పని నీకు తెలుసునేటి?"

"కొంత తెలుసు" అంది నర్సమ్మగారు.

"అయితే నువ్వు రావాల."

దేవమణమ్మగారు బయటికి వచ్చి డోలీ వైపు చాలాసేపు చూసింది. "ఇందులో కూర్చునే గదా నాకీ గతి పట్టింది. నా నడుమే తట్టుకోలేదు, ఏడో నెల మనిషిని ఎలా దింపను? బిడ్డ బాగుంది, తల్లి బాగుంది. కదపడమే ప్రమాదం. నెలలు నిండేసరికి నేనే పైకి వస్తాను" అంది. నేను సంబరంగా కాగితం, కలం తెచ్చాను. ఆమె కలం నా చేతిలోంచి లాక్కుంది. "దొరగారికి నేను రాస్తాను. మీరు మాత్రం రాయకండి" అంది.

లిదియా బట్టల మూట అక్కడే విప్పడం మొదలుపెట్టింది.

ఇంకో రెండు రోజులుండి దేవమణమ్మగారు కొండ దిగింది. డోలీ ఖాళీగా ముందు పోతుంటే, తాను గొడుగు వేసుకుని వెనక నడిచింది. ఘాటు మలుపులో మాత్రం ఎక్కిందని బోయీలు తర్వాత చెప్పారు.

పుష్యమాసం చివర, చెప్పిన మాట ప్రకారం మళ్లీ వచ్చింది. ఆమె వచ్చిన ఎనిమిదో రోజు తెల్లవారుతూనే లిదియాకు మొదలైంది. దేముడమ్మ దూలానికి తాడు కట్టి, అది పట్టుకుని ఊగుతూ నిలబడమంది. నర్సమ్మగారు పడుకోమంది. ఇద్దరూ వాదించుకుంటుంటే లిదియా, "మీ ఇద్దరూ కాసేపు ఊరుకుంటారా!" అని కేక వేసింది. మా ఇంట్లో ఆమె గొంతు అంత పెద్దగా వినడం అదే మొదలు. ఇద్దరూ ఊరుకున్నారు. ఆమె తనకు నచ్చినంతసేపు తాడు పట్టుకుని నిలబడింది, నచ్చినప్పుడు పడుకుంది. ఒకతె నడుము ఒత్తింది, ఒకతె గడియారం చూసింది. నేను గెడ్డకు తొమ్మిదిసార్లు పోయివచ్చాను. అన్ని నీళ్లు ఎందుకు అవసరమయ్యాయో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. నన్ను ఇంటికి దూరంగా ఉంచడానికేనని ఇప్పుడు అనుకుంటాను.

పొద్దు వాలకముందే ఆడపిల్ల పుట్టింది. తల్లికి నెత్తురు ఆగింది. అది చూశాకే దేముడమ్మ అరుగు మీదికి వచ్చి చుట్ట వెలిగించుకుంది.

మూడు వారాలు గడిచాయి. పురిటిస్నానం అయ్యాక దేముడమ్మ మా గడపలోకి రాలేదు. చింతపండు రోజులు, ఆమెకు తీరిక లేదు. ఒక ఉదయం లిదియా పిల్లను నా చేతిలో పెట్టి, "ఆమె రాకపోతే మనమే వెళదాం" అంది. దేముడమ్మ ఇల్లు గూడెం పై చివర, రాళ్ల మెట్టు ఎక్కి పోవాలి. పిల్లను ఎత్తుకుని నేను ముందు నడిచాను. నాకు ఆయాసం వచ్చి మధ్యలో ఆగాను. లిదియా నన్ను దాటిపోయింది.

దేముడమ్మ వాకిట్లో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. చప్పుడు విని తలెత్తింది. నేను పిల్లను ఎత్తి చూపిస్తున్నాను గాని, ఆమె చూపు నా మీదా లేదు, పిల్ల మీదా లేదు. లిదియా చివరి మూడు మెట్లు ఎక్కి రావడం, నడుముకు చెయ్యి ఆనించకుండా రావడం, కళ్లు చికిలించుకుని చూసింది.

"కూకో గుంటా" అని పక్కనున్న పీట తోసి, చింతపండు చేట ఆమె ముందుకు జరిపింది.